స్వాతంత్ర్యపు కషాయం

కిందటి వేసవిలో మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి నాలుగు నెలలు మా దగ్గర ఉన్నది. న్యూజెర్సీలో మా ఇంటి వెనుక ఉన్న జానెడు పెరడులో నేను పెంచుకొంటున్న మొక్కలన్నిటినీ ఆవిడకు ఒక్కొక్కటిగా చూపించాను. పుదీనా, నిమ్మవాసన వేసే లెమన్ బామ్, చిట్టి చామంతుల్లాంటి పూలు పూసే కేమొమైల్, సేజ్, కుండీల్లో తులసి, నిమ్మగడ్డి. కంచె పొడుగునా నిప్పుకణికల వంటి ఎర్రటి పూలతో నిలబడిన మరొక మొక్క. వీటి ఆకులు కోసి, నీడన ఆరబెట్టి, సీసాలకెత్తి, చలికాలమంతా టీ చేసుకొని త్రాగుతానని కాస్త గర్వంగానే చెప్పాను. అంతా విని అమ్మ, "ఇందులో టీ పొడి ఎక్కడుందిరా? ఆకులేసి కాచిన నీళ్ళు కషాయం కదూ, టీ అంటావేమిటి?" అన్నది.

నవ్వేసి ఊరుకున్నాను గాని ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. అదే వారం మొక్కల దుకాణానికి వెళ్ళినప్పుడు ఒక పొట్టి పొద మీద "న్యూజెర్సీ టీ" అని చీటీ కనిపించింది. మా కంచె దగ్గరి ఎర్రపూల మొక్కకు ఇక్కడి వారు పెట్టుకొన్న పేర్లలో ఒకటి "ఓస్వీగో టీ". ఉత్తరాన చిత్తడి నేలల్లో పెరిగే మరో పొద "లాబ్రడార్ టీ". తేయాకుతో ఏ చుట్టరికమూ లేని ఈ అమెరికా మొక్కలన్నిటికీ ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందా అని వెదుక్కుంటూ పోతే, కథ బోస్టన్ రేవుకూ, అక్కడి నుంచి మన మచిలీపట్నం రేవుకూ దారి తీసింది. ఈ టపా ఆ కథే.

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానాతోనూ, 1766 నవంబరులో నిజాం అలీఖాన్‌తో కుదిరిన సంధితోనూ ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. గుంటూరు సర్కారు మాత్రం మరి ఇరవై యేళ్ళకు గాని చిక్కలేదు. అంతకు కొంచెం ముందే బెంగాలు దివానీ కూడా కంపెనీదైంది. ఇంత రాజ్యం దక్కిన వర్తకులు కుబేరులు కావలసింది. అయితే హైదరాలీతో యుద్ధం, సైన్యాల ఖర్చు, ఉద్యోగుల సొంత దోపిడీ, 1770 నాటి బెంగాలు కరవు, వాటాదారులకు పంచవలసిన లాభాలు అన్నీ కలిసి 1772 నాటికి కంపెనీ దివాలా అంచున నిలిచింది. లండన్ గిడ్డంగుల్లో కోటిన్నర పౌన్లకు పైగా చైనా తేయాకు అమ్ముడుపోక మూలుగుతున్నది. దానిని నేరుగా అమెరికా వలసలకు పంపి చవకగా అమ్ముకొనేందుకు 1773లో బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. పౌనుకు మూడు పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచింది. ధర తగ్గినా సరే, తమ సమ్మతి లేని పన్ను కట్టడమేమిటన్నది వలసల వారి పట్టుదల.

వారికి మన సంగతి తెలియదనుకోవడానికి వీలు లేదు. ఆ యేడు నవంబరులో పెన్సిల్వేనియాకు చెందిన జాన్ డికిన్సన్ మారుపేరుతో వ్రాసిన లేఖలో, ఆసియాలో కంపెనీ సాగించిన దోపిడీనీ, అక్కడి కరవు చావులనూ ఎత్తిచూపి, ఆ కంపెనీయే ఇప్పుడు మన గుమ్మంలోకి వస్తున్నదని హెచ్చరించాడు. బెంగాలు రైతు ఆకలి ఫిలడెల్ఫియాలో రాజకీయ వాదంగా మారిందన్నమాట. మన పాఠ్యపుస్తకాల్లో బోస్టన్ ఒక పాఠంలోనూ, ఉత్తర సర్కారులు మరొక పాఠంలోనూ ఉండేవి. రెండింటిలోనూ ఉన్నది ఒకే కంపెనీ అని నాకు ఏ మాస్టారూ చెప్పినట్లు గుర్తు లేదు.

1773 డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెల తేయాకును బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేశారు. అందరికీ తెలిసిన కథే. అయితే ఒక వివరం మీద నాకు చూపు నిలిచిపోయింది. ఆ పని చేసినవారిలో పలువురు మోహాక్ జాతి ఆదివాసుల వేషం వేసుకొన్నారు. ముఖానికి మసి పూసుకొని, ఒంటికి కంబళ్ళు చుట్టుకొని, చేత గొడ్డళ్ళు పట్టుకొన్నారు. ఈ వేషాన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

తేయాకు మానేయడం అప్పటికి కొత్తేమీ కాదు. 1770లోనే బోస్టన్‌లో మూడు వందలకు పైగా ఇల్లాళ్ళు టీ ముట్టబోమని సంతకాలు చేశారు. 1774 అక్టోబరు 25న ఉత్తర కారొలైనాలోని ఈడెంటన్ అనే చిన్న పట్నంలో 51 మంది స్త్రీలు బ్రిటిషు సరుకుల బహిష్కారానికి కట్టుబడుతూ ప్రకటన పంపితే, లండన్‌లో దాని మీద వెక్కిరింత బొమ్మ అచ్చువేసి అమ్మారు. ఆడవాళ్ళు రాజకీయం మాట్లాడడమే ఆ బొమ్మలోని హాస్యం. కాని ఆలోచించి చూస్తే, ఈ ఉద్యమం నడవవలసినది వాళ్ళ వంటింట్లోనే. రేవులో పెట్టెలు పగలగొట్టడానికి మూడు గంటలు చాలు. పొద్దున్నే పొయ్యి మీద కాగుతున్న నీళ్ళలో టీ బదులు ఏం వెయ్యాలన్నది మాత్రం రోజూ తేల్చుకోవలసిన సమస్య.

వాళ్ళ జవాబు పెరట్లో దొరికింది. ఐరోపా నుంచి తెచ్చి నాటుకొన్న సేజ్, పుదీనా, లెమన్ బామ్, కేమొమైల్ ఉండనే ఉన్నాయి. కోరింద జాతి రాస్ప్బెర్రీ ఆకులను ఎండబెట్టి "హైపీరియన్ టీ" అన్నారు. న్యూజెర్సీ టీ పొద ఆకులు రంగుకూ రుచికీ కొంత తేయాకును పోలి ఉంటాయి గాని, కాఫీలో, టీలో ఉండే కెఫీన్ వాటిలో లేదు. అన్నిటికన్నా ప్రయాస పడినది "లిబర్టీ టీ", అంటే స్వేచ్ఛా టీ. కాడ చుట్టూ నాలుగేసి ఆకులు తొడిగే లూస్‌స్ట్రైఫ్ అనే మొక్కతో దీనిని చేసేవారు. వలసకాలపు గృహజీవితం మీద పుస్తకాలు వ్రాసిన ఆలిస్ మోర్స్ ఎర్ల్ చెప్పిన పద్ధతి ఇది: కాడల నుంచి ఆకులు దూసి, ఆ కాడలను నీళ్ళలో ఉడికించి, ఆ రసాన్ని ఇనుప పాత్రలోని ఆకులకు పట్టించి, పొయ్యిలో ఆరబెట్టాలి. ఆకు సారమంతా ఆకుకే తిరిగి ఎక్కించడమన్నమాట. ఎంత ఓపిక!

అందరూ ఇంత నిష్ఠగా ఉన్నారని కాదు. డచ్చి వారి దొంగ తేయాకు త్రాగినవారు కోకొల్లలు. 1774 జూలైలో ప్రయాణంలో ఉన్న జాన్ ఆడమ్స్, సుంకం కట్టని దొంగసరుకైతే టీ ఇవ్వవచ్చునా అని బస యజమానురాలిని అడిగితే, ఆవిడ టీ అసలే మానేశామనీ, కాఫీ చేసి ఇస్తాననీ చెప్పింది. తాను కూడా టీ మానుకోక తప్పదని ఆయన భార్య అబిగైల్‌కు ఉత్తరం వ్రాశాడు. తరువాత దేశాధ్యక్షుడైన మనిషికి ఆనాడు పాఠం చెప్పినది ఒక పూటకూళ్ళ ఇల్లాలు.

ఇక ఓస్వీగో టీ. ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఓస్వీగో ప్రాంతం ఇరాక్వాయ్ ఆరు జాతుల సమాఖ్య భూమి. మోహాక్, ఒనైడా, ఒనాండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అన్నవి ఆ ఆరు జాతులు. 1743లో ఫిలడెల్ఫియా వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బార్ట్రమ్ అక్కడికి ప్రయాణం చేశాడు. 1744లో ఈ మొక్క విత్తనాలను లండన్‌లోని మిత్రుడు పీటర్ కాలిన్సన్‌కు పంపాడు. ఆ ప్రాంతపు ఆదివాసులు దాని ఆకులు కాచి త్రాగేవారు. వారి నుంచే తెల్లవారు నేర్చుకొన్నారు. శాస్త్రనామం మొనార్డా. కొత్త ప్రపంచపు మందుమొక్కల మీద పుస్తకం వ్రాసిన స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్ పేరు మీద పెట్టినది. ఆయన అమెరికాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. పేరు సముద్రం అవతలి వైద్యుడికి దక్కింది, త్రాగడం నేర్పినవారికి ఊరి పేరొక్కటి మిగిలింది.

ఆ ఊళ్ళు కూడా మిగలలేదు. స్వాతంత్ర్య యుద్ధంలో సమాఖ్య చీలి, ఒనైడా, టస్కరోరా జాతుల వారిలో ఎక్కువమంది అమెరికన్ల పక్షాన, మిగిలిన వారిలో ఎక్కువమంది బ్రిటిషువారి పక్షాన నిలిచారు. సరిహద్దు గ్రామాల మీద దాడులు జరిగాయి, రక్తం ఇరువైపులా పారింది. 1779లో జార్జి వాషింగ్టన్ ఆజ్ఞతో జనరల్ సలివన్ సేన ఇరాక్వాయ్ దేశం మీద పడింది. నలభై ఊళ్ళు తగలబెట్టామనీ, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న నాశనం చేశామనీ సలివన్ తన నివేదికలో లెక్క చెప్పాడు. కాయలున్న పండ్లచెట్లను సైతం నరికించారు. ఇళ్ళు పోయినవారు నయాగరా కోట చుట్టూ చేరి, ఆ భయంకరమైన చలికాలంలో ఆకలికీ మంచుకూ ప్రాణాలు విడిచారు. వాషింగ్టన్‌కు ఇరాక్వాయ్ భాషలలో ఉన్న పేరుకు "ఊళ్ళను నాశనం చేసేవాడు" అని అర్థం.

ఇప్పుడు బోస్టన్ రేవులోని వేషం గుర్తు చేసుకోండి. స్వేచ్ఛ కోసం మోహాక్ వేషం కట్టారు. టీ మానుకొన్నాక ఇరాక్వాయ్ దేశపు ఆకు కాచుకొని త్రాగారు. ఆరేళ్ళు తిరగకుండా ఆ దేశాన్ని తగలబెట్టారు. ఈ మూడూ వరుసగా చదివిన రోజు నేను పెరట్లోకి వెళ్ళి ఆ ఎర్రపూల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నేనైనా ఈ నేల మీదికి వచ్చి చేరినవాడినే గదా.

యుద్ధం ముగిసింది. స్వేచ్ఛా టీ ఏమైంది? 1784 ఫిబ్రవరి 22న, శాంతి ఒప్పందాన్ని ఇక్కడి కాంగ్రెసు ఆమోదించి ఆరు వారాలైనా కాకముందే, "ఎంప్రెస్ ఆఫ్ చైనా" అనే ఓడ న్యూయార్కు నుంచి కాంటన్‌కు బయలుదేరింది. దేనికనుకొన్నారు? ముఖ్యంగా తేయాకుకే! బదులుగా తీసుకుపోయిన సరుకులో ప్రధానమైనది ఇక్కడి అడవుల్లో త్రవ్విన జిన్సెంగ్ వేరు, దాదాపు ముప్ఫై టన్నులు. అంటే ఈ నేల వనమూలికను చైనాకు ఇచ్చి, చైనా ఆకును తెచ్చుకొన్నారు. పెరటి ఆకులు మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాయి. వాటిని ఎవరూ వాటి కోసం ప్రేమించలేదు. "టీ" అని పిలిచిన నాడే అవి ఎవరి బదులో వచ్చి కూర్చున్నవయ్యాయి. అసలుది రాగానే లేచిపోక తప్పలేదు.

ఇక్కడే మా అమ్మ ప్రశ్న నాకు మళ్ళీ తగిలింది. మన దగ్గర ఈ నీళ్ళకు పేరు లేకనా? చరకసంహిత సూత్రస్థానంలోనే అయిదు విధాల కషాయ కల్పనలున్నాయి. ఆకు దంచి పిండితే స్వరసం, నూరితే కల్కం, నీళ్ళలో మరిగిస్తే శృతం, చల్లని నీళ్ళలో రాత్రంతా నానబెడితే శీతం, కాగిన నీళ్ళు పోసి వడగడితే ఫాంటం. మనమిప్పుడు రంగుల అట్టపెట్టెల్లో కొనుక్కొంటున్న హెర్బల్ టీ అచ్చంగా ఈ ఫాంటమే. వేళ్ళు, గింజలు, బెరళ్ళు మరిగితేనే సారం దిగుతుంది. పూలూ, సువాసన గల ఆకులూ మరిగిస్తే పరిమళం ఆవిరితో పోతుంది గనుక వేడినీళ్ళు పోసి మూత పెట్టాలి. ఈ తేడా తెలిసిన భాషలో పుట్టి నేను రెండింటినీ కలిపి టీ అంటున్నాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. హాస్టలులో చదివే రోజుల్లో నాకు జలుబు చేసిందని అమ్మ ధనియాలు, శొంఠి, మిరియాలు వేసి కాచిన కషాయాన్ని ఫ్లాస్కులో పోసి, బస్సెక్కి తెచ్చి ఇచ్చింది. స్నేహితులు నవ్వుతారని ఆవిడ వెళ్ళగానే మోరీలో పారబోశాను. ఆ తరువాత ఎన్నో యేళ్ళకు అవే దినుసులను అమెరికా దుకాణంలో డాలర్లిచ్చి కొన్నప్పుడు నాకు సిగ్గు వేయలేదు, ఎందుకంటే అట్టపెట్టె మీద "టీ" అని ఉంది. ఈ సంగతి మొన్న అమ్మకు చెప్పాను. "ఫ్లాస్కు తొందరగా ఖాళీ అయినప్పుడే అనుకున్నాలే," అన్నది.

ఇక పెరటి ముచ్చట కొంచెం. పుదీనాను కుండీలో తప్ప నేలలో పెట్టకండి, రెండేళ్ళలో పెరడంతా దానిదే. ఆకులను పూత రాకముందు, పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. గాలి ఆడే నీడలో గలగలమనేదాకా ఆరితేనే సీసాకెత్తాలి, తడి మిగిలితే బూజు పడుతుంది. ఓస్వీగో మొక్కలను ఒత్తుగా నాటితే ఆగస్టుకల్లా ఆకులకు బూడిద తెగులు వస్తుంది. తులసి, నిమ్మగడ్డి ఇక్కడి మంచుకు ఆగవు, అక్టోబరులోనే కుండీలను లోపలికి చేర్చాలి. లాబ్రడార్ టీ జోలికి మాత్రం నేను పోలేదు. గాఢంగా కాస్తే అది విషం, పైగా దానిని పోలిన విషపు పొద మరొకటి పక్కనే పెరుగుతుంది.

నా కలయిక ఇది: లెమన్ బామ్ రెండు పాళ్ళు, పుదీనా ఒక పాలు, ఓస్వీగో ఆకు అర పాలు. కప్పుకు ఒక చెంచా ఎండాకు, లేదా మూడు చెంచాల పచ్చి ఆకు. కాగిన నీళ్ళు పోసి ఏడెనిమిది నిమిషాలు మూత పెట్టాలి. చలికాలానికైతే శొంఠి, మిరియాలు ముందు మరిగించి, దించాక తులసి, నిమ్మగడ్డి వేసి మూత పెడతాను. కషాయమూ ఫాంటమూ ఒకే గిన్నెలో.

అమ్మ తిరుగు ప్రయాణానికి ముందు ఎర్రపూల మొక్క ఆకు ఒకటి నలిపి వాసన చూసి, "వాము వాసన వస్తోందిరా," అన్నది. నిజమే. వాముకు ఆ ఘాటునిచ్చే థైమాల్ ఈ జాతి మొక్కల్లోనూ ఉంది. కాడను వేళ్ళ మధ్య తిప్పి, తులసి కాడలాగే నాలుగు పలకలుగా ఉందని కూడా ఆవిడే చూపించింది. రెండూ ఒకే కుటుంబానివి. ఏ పుస్తకమూ చదవకుండా ఆవిడ దానికి చుట్టాలను వెదికిపెట్టింది.

ఆ సాయంత్రం సీసాల మీద "హెర్బల్ టీ" అన్న చీటీలు పీకేసి కొత్తవి అంటించాను. "పుదీనా, జూన్." "తులసి, సెప్టెంబరు." "ఓస్వీగో ఆకు, ఇరాక్వాయ్ దేశం, జూలై." మీ ఇళ్ళలో అమ్మమ్మలు ఏ ఆకును, ఏ గింజను ఏ పేరుతో కాచేవారో గుర్తుంటే చెప్పండి. సీసాలు ఇంకా ఖాళీవి ఉన్నాయి.