విచారం సరే, విచారణ ఏదీ?

ఇంగ్లండులో నేనుంటున్న మిల్టన్ కీన్స్ నుంచి కారులో కాసేపు పోతే హాన్‌స్లోప్ అనే పల్లె వస్తుంది. సన్నటి శిఖరమున్న పాత చర్చి, చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక. ఊరి దాపున మాత్రం గట్టి కంచె కట్టిన ప్రాంగణం ఒకటుంది. అది విదేశాంగ శాఖ వారిదని అందరికీ తెలుసు. లోపలేం జరుగుతుందో ఎవరూ అడగరు. ఇక్కడి మర్యాద అలాంటిది. 2011లో పేపర్లో ఆ ఊరి పేరు కనపడేదాకా నేనూ అడగలేదు.

బ్రిటన్ ఒకప్పుడు ఏలిన 37 దేశాల నుంచి తరలించిన 8,800 ఫైళ్లు ఆ కంచె లోపల ఉన్నాయని, వాటి సంగతి అన్నేళ్లూ బయటికి పొక్కనివ్వలేదని ఆ వార్త. దాన్ని కదిలించింది పెద్ద పెద్ద మంత్రులు కాదు, కెన్యా పల్లెల నుంచి లండన్ కోర్టు మెట్లెక్కిన ముసలివాళ్లు.

కెన్యా కథ క్లుప్తంగా చెబుతాను. తెల్లవాళ్లు ఆక్రమించుకున్న భూముల కోసం కికుయు జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు మౌ మౌ అని పేరు. 1952 అక్టోబరులో గవర్నర్ ఈవ్లిన్ బేరింగ్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. వెయ్యికి పైగా మందిని ఉరి తీశారు. వేల మందిని విచారణ లేకుండా శిబిరాల్లో కుక్కారు. ‘నేను మౌ మౌ ప్రమాణం చేశాను’ అని ఒప్పుకునేదాకా కొట్టడం అక్కడి పద్ధతి. ఎవడో తిక్క సార్జెంటు చేసిన పని కాదది. 1957లో అటార్నీ జనరల్ ఎరిక్ గ్రిఫిత్-జోన్స్ గవర్నర్‌కు రాసిన కాగితం ఉంది. కొట్టేటప్పుడు కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం ఉన్నచోట దెబ్బ పడకూడదట. కొట్టేవాళ్లు ఆవేశపడకుండా నిబ్బరంగా ఉండాలట. పాపం చేయక తప్పదనుకుంటే చప్పుడు కాకుండా చేద్దాం అన్నది కూడా ఆయన మాటే. న్యాయశాఖను చూసే మనిషి ఈ మాటలు రాసి, కింద సంతకం పెట్టాడు. చదివినప్పుడు నాకు దెబ్బల వర్ణన కన్నా ఆ గుమాస్తా నిదానమే ఎక్కువ భయం పుట్టించింది.

1959 మార్చి 3న హోలా శిబిరంలో పనికి పోమన్న ఖైదీలను కావలివాళ్లు పదకొండు మంది చచ్చేదాకా బాదారు. తాగిన నీళ్ల వల్ల పోయారని ప్రభుత్వం మొదట ప్రకటించింది. శవపరీక్షలో అబద్ధం బయటపడింది. మనలాంటివాళ్లు ఈ దేశానికి రాకూడదని తర్వాతి కాలంలో గొంతు చించుకున్న ఈనాక్ పవెల్, ఆ ఏడాది జులైలో పార్లమెంటులో లేచి, ఆఫ్రికాలో ఒక నీతి, ఇంటి దగ్గర ఇంకో నీతి కుదరవని సొంత పార్టీ ప్రభుత్వాన్నే కడిగేశాడు. మనుషులు అంత సులువుగా అర్థం కారు. అయినా ఆ పదకొండు చావులకూ ఎవరి మీదా హత్య కేసు నడవలేదు.

వలసలు వదిలి వచ్చేముందు దొరలు కాగితాలు ఏరారు. కొత్త ప్రభుత్వాల చేతిలో పడితే తమ పరువు తీసేవి కొన్ని కాల్చారు, కొన్ని బరువు కట్టి సముద్రంలో ముంచారు, కొన్ని విమానాల్లో ఇంటికి తెచ్చుకున్నారు. దీనికి ‘ఆపరేషన్ లెగసీ’ అని పేరు. లెగసీ అంటే వారసత్వం. ఆ పేరు పెట్టినవాడు ఎవడో గాని గడుసువాడు.

స్వతంత్ర కెన్యాలోనూ మౌ మౌ అన్నది 2003 దాకా నిషేధంలోనే ఉంది. నిషేధం పోయాకే బాధితులకు నోరు పెగిలింది. 2009లో ఐదుగురు లండన్ హైకోర్టులో దావా వేశారు. వారిలో వాంబుగు న్యింగి హోలాలో దెబ్బలకు స్పృహ తప్పితే చచ్చాడనుకుని శవాల మధ్య పడేసిన మనిషి. ఇద్దరు మగవాళ్లకు శిబిరంలో వృషణాలు తీసేశారు. ఒకామెకు జరిగింది ఇక్కడ రాయను. వీళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? అప్పటి బాధ్యతలన్నీ 1963లో స్వాతంత్ర్యంతో పాటు కెన్యాకే పోయాయి, వెళ్లి వాళ్లనడగండి అని. ఇల్లు తగలబెట్టి, తాళాలు మీకిచ్చాం కదా అన్నట్టుంది. 2011లో జడ్జి మెకూంబ్ ఆ వాదన ఒప్పుకోలేదు. అప్పుడు, ఇన్నేళ్లయ్యాక కేసేమిటి, కాలదోషం పట్టింది అన్నారు. 2012లో అదీ చెల్లలేదు. ఇన్ని కాగితాలు దొరికాక న్యాయమైన విచారణ సాధ్యమేనని జడ్జి తేల్చాడు. దాచినవాళ్ల కాగితాలే దాచినవాళ్లను పట్టించాయి.

2013 జూన్ 6న విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో ప్రకటన చేశాడు. వలస పాలకుల చేతుల్లో కెన్యా ప్రజలు చిత్రహింసలకు గురయ్యారని ఒప్పుకున్నాడు. మనఃపూర్వకంగా విచారిస్తున్నామన్నాడు. 5,228 మంది బాధితులకు, కోర్టు ఖర్చులతో కలిపి, 1.99 కోట్ల పౌండ్లు. నైరోబీలో ఒక స్మారకం. అక్కడితో ఆగలేదు, వలస ప్రభుత్వం చేసినదానికి నేటి ప్రభుత్వానిది బాధ్యత కాదని అదే నోటితో చెప్పాడు. హింస నిజం, డబ్బు నిజం, బాధ్యత మాత్రం లేదు. మన భాషలో విచారానికీ విచారణకూ మధ్య ఒక్క అక్షరమే తేడా. ఈ దేశానికి ఆ ఒక్క అక్షరమే గొంతు దిగదు.

ఇదంతా మనకెందుకంటారా? 1855లో మద్రాసులో అచ్చయిన ఒక నివేదిక ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీవే. శిస్తు వసూలుకు రైతులను హింసిస్తున్నారా అని తేల్చడానికి ఈస్టిండియా కంపెనీ వేసిన సంఘం ఇచ్చిన నివేదిక అది. దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. రైతును వంచి, మెడనూ కాళ్లనూ తాడుతో కలిపి కట్టి ఎండలో ఉంచడం ఒక పద్ధతి. వేళ్లను చెక్కల మధ్య నొక్కడం మరొకటి. ఈ రెండో సాధనానికి తెలుగు పేరు కూడా రాశారు. వాళ్ల స్పెల్లింగు కూడబలుక్కుని చదివితే ‘చిరత’ అని నాకు తోచింది. మా తాతయ్య శ్రీరామనవమి భజనలో వాయించిన చిరతలు తప్ప ఆ మాటకు వేరే అర్థం ఉండొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు.

హింస నిజమేనని ఆ సంఘం కూడా ఒప్పుకుంది. నేరం మాత్రం దేశీయ ఉద్యోగులదంది. జనం మొర తమవాళ్ల క్రూరత్వం మీదే తప్ప తెల్ల అధికారుల మీద కాదని రాసింది. నిజమే, కట్టేసింది మన తాసిల్దారు బంట్రోతులే. ఆ పాపం మనవాళ్లకూ అంటుకుంటుంది. కాని ఆ శిస్తు ఎవరి ఖజానాకు చేరింది? మద్రాసులో అయితే నల్ల గుమాస్తా చేశాడు, కెన్యాలో అయితే పోయిన ప్రభుత్వం చేసింది. నూట యాభై ఏళ్లలో వాక్యం మారలేదు, కర్త మారాడు.

ఇంటి దగ్గరా అంతే. 1971లో ఉత్తర ఐర్లండులో ఖైదీలకు ముసుగేసి, గోడకు నిలబెట్టి, నిద్ర లేకుండా చేసిన పద్ధతులను మరుసటి ఏడాది ప్రధాని హీత్ మానేస్తామన్నాడు. 2003లో ఇరాక్‌లోని బస్రాలో బహా మూసా అనే హోటలు ఉద్యోగి బ్రిటిష్ సైనికుల అదుపులో చనిపోతే, అక్కడా ఆ ముసుగే కనపడింది. విచారణ సంఘం ఆయన ఒంటిమీద 93 గాయాలు లెక్కపెట్టింది.

మళ్లీ కెన్యా సంగతికొస్తే, ఆ ఐదుగురి వెనకాల మరో నలభై వేల మంది కెన్యన్లు దావా వేశారు. 2018లో అది కొట్టేశారు. 2023లో చార్లెస్ రాజు నైరోబీ వెళ్లి తీవ్ర విచారం తెలిపి వచ్చాడు. క్షమాపణ అనే మాట వాడలేదు.

హాన్‌స్లోప్ ఫైళ్లు ఇప్పుడు లండన్ శివార్లలో క్యూ అనే చోట, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాఠకుల కార్డు ఉచితం. లండన్ వచ్చినవాళ్లు టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటో దిగాక ఒక పూట అక్కడికి రండి. రాలేనివాళ్లు 1855 మద్రాసు నివేదికను నెట్‌లో వెతకండి, డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. గుంటూరు, నెల్లూరు, కడప, రాజమండ్రి, పేర్లు వంకరగా రాసి ఉంటాయి గాని అన్నీ ఉన్నాయి. మీ జిల్లా పేజీ తీసి చదవండి.