గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 – 1940 జనవరి 22) తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు, సవర భాషకు తొలి సమగ్ర వ్యాకరణం రాసిన పండితుడు, శాసన పరిశోధకుడు. వృత్తిరీత్యా బడిపంతులు. పిల్లలు బడిలో ఏ భాషలో చదవాలి, ఏ భాషలో రాయాలి అన్న ఒక్క విషయం మీదే ఆయన అర్ధ శతాబ్దం పనిచేశారు. ఆ సమస్యతో ఆయన మొదట తలపడింది సవర గూడేల్లో. తెలుగు గొడవ తర్వాత వచ్చింది.

శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు 1875లో చనిపోవడంతో విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద చేరారు. పాఠాలు చెబుతూనే ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలకు ప్రైవేటుగా చదివి కట్టారు. తర్వాత అక్కడి కళాశాలలో చరిత్ర బోధించారు. వంశధార ఒడ్డున ముఖలింగం గుడిగోడల మీది శాసనాలు చదవాలన్న పట్టుదలతో ప్రాచీన లిపులు సొంతంగా నేర్చుకుని, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని వాదిస్తూ ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలున్నారు. వాళ్ల భాష ముండా కుటుంబానిది. తెలుగుతో గానీ ఒడియాతో గానీ దానికి చుట్టరికం లేదు. అయినా సవర పిల్లవాడు బడికి వస్తే తనకు అర్థంకాని భాషలోనే అక్షరాలు దిద్దాలి. రామమూర్తి 1890ల తొలినాళ్లలో ఈ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, రాత లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని మాట మాట అడిగి రాసుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టారు, పంతుళ్లకు తన సొమ్ముతో జీతాలిచ్చారు. మన్యంలో తిరుగుతుంటే మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. నిఘంటువులు కూడా ఆ దశకంలోనే అచ్చయ్యాయి. ముండా భాషల మీద పనిచేసేవారికి ఆ వ్యాకరణం నేటికీ ఆధార గ్రంథం.

తెలుగు వివాదం ఒక పాఠశాలల ఇన్‌స్పెక్టరు సందేహంతో రాజుకుంది. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగుకూ వాచకాల్లోని తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. అప్పటికి బళ్లలో చిన్నయసూరి బాలవ్యాకరణమే కొలబద్ద. ‘వస్తున్నాడు’ అని రాస్తే తప్పు, ‘వచ్చుచున్నాడు’ అని రాస్తే ఒప్పు. పిల్లవాడి ఆలోచన ఎంత బాగున్నా ఎర్రసిరా పడేది ఇలాంటి చోట్లే. నలుగురూ కలిసి బోధనలో మార్పుకు పూనుకున్నారు.

దాని ఫలితంగా స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చన్న అనుమతి వచ్చింది. పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దాన్ని ఎదిరించింది. గిడుగు 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో వినతిపత్రం ప్రచురించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ విడత గెలుపు పండితులదే. ఇచ్చిన వెసులుబాటును వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు.

1911లోనే ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి ఇక ఊరూరా తిరిగారు. ఆయన వాదనా పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. గ్రాంథికం, అంటే ఆ కావ్యభాష, గొప్పదా కాదా అన్న చర్చలోకి దిగేవారు కాదు. గ్రాంథికవాదులు రాసిన పుస్తకాలే తెరిచి, వాళ్లు నమ్మిన వ్యాకరణం ప్రకారమే ఏ పుటలో ఏ తప్పు ఉందో చూపేవారు. ఇంతటి పండితులకే పట్టుబడని భాషను పసివాళ్ల మీద రుద్దడమేమిటని నిలదీసేవారు. ‘బాలకవి శరణ్యం’ అలాంటి పుస్తకం. ‘గద్యచింతామణి’లో ఇంకో మెట్టు ఎక్కి పాత వచనాన్నే సాక్ష్యంగా నిలబెట్టారు. శాసనాలు చదివిన అలవాటు అక్కడ అక్కరకొచ్చిందనే చెప్పాలి. తణుకులో జరిగిన ఒక సభలో నాలుగు గంటలు ఏకధాటిగా మాట్లాడారంటే అంతటి సరంజామా చేతిలో ఉండబట్టే.

1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. తొలినాళ్లలో గ్రాంథికంలోనే రాసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు. ఆయన అదే ఏడాది మే నెలలో మరణించినా ఉద్యమానికి ఆ పేరు కొండంత అండ. గిడుగు నడిపిన ‘తెలుగు’ మాసపత్రిక ఏడాదే బతికింది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1924లో వ్యావహారికం మీది తన నిషేధాన్ని ఎత్తేసింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ విలీనాన్ని ఎదిరించిన గిడుగు, అర్ధ శతాబ్దికి పైగా ఉన్న ఊరిని విడిచి రాజమండ్రి వచ్చేశారు. సవర గూడేలకు అంత దూరమవడం డెబ్భై దాటిన వయసులో చిన్న నష్టం కాదు. అదే ఏడు సవరల్లోంచే వచ్చిన మంగై గమాంగ్ తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించారు.

1933లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ పురస్కారం ఆయనకు దక్కాయి. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకులకు చివరి విన్నపం చేశారు: వార్తలు జనం భాషలో రాయమని. వారం తిరిగేసరికి కన్నుమూశారు. కుమారుడు సీతాపతి తండ్రి సవర పరిశోధనను కొనసాగించారు. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.