రేవు లేని ఊరు

వ్యాపారానికి పెద్ద నగరం ఎందుకు అనుకూలమని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు రేవు, లేదా పడవలు నడిచే నది. బొంబాయి, కలకత్తా, మద్రాసు ఈ లెక్కకు సరిపోతాయి. హైదరాబాదు సరిపోదు. సముద్రం ఎక్కడో బందరు దగ్గర. మూసీలో సరుకు పడవ నడిచేంత నీరుండదు, ఉన్నప్పుడు 1908లో లాగా ఊరినే ముంచేస్తుంది. అయినా వర్తకులు వస్తూనే ఉన్నారు. ప్రకృతి ఇవ్వని అనుకూలతను ఇక్కడ ప్రభుత్వాల ఖర్చు సృష్టించిందని నా అభిప్రాయం. అదీ వ్యాపారం కోసమని చేసిన ఖర్చు కాదు. రాచరికానికో, రక్షణకో, మందుల కొరత తీర్చడానికో చేసింది. ఆ అవసరం తీరాక మిగిలిన మనుషులూ పనితనమూ తర్వాతి తరానికి మూలధనమయ్యాయి.

గోల్కొండ వజ్రాలనే చూడండి. పేరుమోసిన గని కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఉంటే, బేరం మాత్రం కోట పక్కన కార్వాన్‌లో సాగేది. రాళ్లు కొనగల డబ్బూ, అప్పిచ్చే సాహుకార్లూ, గనులను గుత్తకిచ్చే దర్బారూ అక్కడే ఉన్నాయి మరి. 1591లో వెలసిన హైదరాబాదు ఆ సంతకు పొడిగింపే. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకున్నాక కొంతకాలం ఊరు వెలవెలబోయింది. అసఫ్‌జాహీలు 1763లో రాజధానిని ఔరంగాబాదు నుంచి ఇక్కడికి మార్చాక వడ్డీ వ్యాపారులు మళ్లీ చేరారు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరిచారు. 1944లో పారిశ్రామిక పరిశోధనకు నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాలే ఇప్పటి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి మూలం.

అసలు మలుపు 1960లలో వచ్చింది. తీరానికీ సరిహద్దుకూ దూరంగా ఉండడమనే పాత లోపం రక్షణ పరిశోధన సంస్థలకు గుణమైంది. వాటితోపాటే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1967లో ఈసీఐఎల్, బాలానగర్‌లో సోవియట్ సాయంతో మందుల సంస్థ ఐడీపీఎల్, ఇలా ప్రభుత్వ కర్మాగారాలూ వచ్చాయి. 1970 నాటి పేటెంట్ చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఉంచింది. మరో పద్ధతిలో అదే మందు చేయగల రసాయన శాస్త్రజ్ఞుడికి తలుపు తెరుచుకుంది. అలాంటివాళ్లు గుంపుగా ఉన్నది ఐడీపీఎల్‌లో. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇంకెందరో అదే దారి పట్టారు. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించే నాటికి బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం ప్రాంతాల్లో బల్క్ డ్రగ్ యూనిట్లు నిలదొక్కుకున్నాయి. రియాక్టరు చెడితే బాగుచేసే షెడ్డు, సాల్వెంట్ అమ్మే దుకాణం, వాడేసిన సాల్వెంట్‌ను శుద్ధిచేసి తిరిగిచ్చే చిన్న యూనిట్ అన్నీ పక్కపక్కనే. తల్లి చచ్చినా పిల్లలు బతికారు.

చట్టం దేశమంతటికీ ఒకటే కదా, ఇందులో నగరం గొప్పేమిటని అడగవచ్చు. ఐడీపీఎల్ రిషీకేశ్‌లోనూ యాంటీబయాటిక్స్ కోసం పెద్ద కర్మాగారం కట్టింది. దాని చుట్టూ ఇలాంటి సంతానం పెరగలేదు. ఉద్యోగం మానేసినవాడికి అప్పిచ్చే బ్యాంకరూ, ఏటా పట్టభద్రులను పంపే విశ్వవిద్యాలయమూ, సలహా ఇచ్చే ప్రయోగశాలా నడక దూరంలో ఉండాలంటే ఒక కర్మాగారం చాలదు, నగరం కావాలి. ఇక సాఫ్ట్‌వేర్‌ను ఒక ముఖ్యమంత్రి చొరవకూ, మాదాపూర్ రాళ్లగుట్టల్లో దొరికిన భూమికీ ముడిపెట్టేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. 1998లో సైబర్ టవర్స్ దానంతటదే లేవలేదు. కానీ సత్యం కంప్యూటర్స్ పుట్టింది అంతకు పదకొండేళ్ల ముందు, 1987లో. ఈసీఐఎల్ 1970లలోనే ఇక్కడ కంప్యూటర్లు చేసింది. చొరవ వేగం పెంచింది, పునాది వేయలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఖర్చు ఎవరు భరించారన్నది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, చుట్టుపక్కల పల్లెల బావులు చెడ్డాయి; ఆ నష్టం ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటులోనూ పూర్తిగా కనిపించదు. ఒక నగరంలో చేరిన పనితనం మిగతా జిల్లాలకు కరువైంది కూడా. శ్రీకాకుళం పిల్లాడైనా అనంతపురం పిల్లాడైనా ఇంజనీరింగ్ పట్టా చేతికి రాగానే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దారి పట్టాడు. ఈ రెంటికీ నా దగ్గర సమాధానం లేదు; వాదన నిలిచినా లెక్క నిలవదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్ర వైపు బాధ భూమి పోయిందని కాదు, దశాబ్దాలుగా ఒక్కచోటే పోగుపడ్డది అవతలి పక్కకు పోయిందని. 2023లో బందరులో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన చేశారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఓడలు లంగరు వేసిన ఆ తీరానికి రేవు తిరిగి వస్తోంది. దాని వెనక సాహుకారు, షెడ్డు, ప్రయోగశాల ఇంకా చేరాల్సి ఉంది.