విడిభాగాల డిజిటల్ వేదికకు వెండర్ ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

0. పాఠం ఉద్దేశం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

అ) కంప్యూటర్ వ్యవస్థలను మొత్తంగా కొనడం, విడిభాగాలుగా కొనడం అనే రెండు పద్ధతులు చారిత్రకంగా ఎలా రూపొందాయో వివరించగలుగుతారు.
ఆ) ఈ రెండు పద్ధతుల్లోనూ కొనుగోలుదారు ఎక్కడ చిక్కుకుంటాడో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
ఇ) ఒక సంస్థకు తగిన వెండర్‌ను ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలను చరిత్ర ఆధారంగా రూపొందించగలుగుతారు.

1. పరిచయం

మీరు ఈ కోర్సులో చేరిన రోజును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కంప్యూటర్ ముందో, ఫోను పట్టుకునో వివరాలు నింపి ఉంటారు. ఫీజు చెల్లించారు. కాసేపటికి ఫోనుకు సందేశం వచ్చింది. మీ దృష్టిలో అదంతా ఒకే వెబ్‌సైటు. కాని దాని వెనుక సమాచారాన్ని భద్రపరిచే వ్యవస్థ ఒకటి, చెల్లింపులు చూసేది ఒకటి, వెతుకులాటకు ఒకటి, సందేశాలు పంపేది ఒకటి ఉండవచ్చు. ఇలాంటి పనులన్నింటినీ కలిపి, వాడుకరికి ఒకే చోట అందించే ఏర్పాటును నేడు డిజిటల్ ఎక్స్‌పీరియన్స్ ప్లాట్‌ఫారం అంటున్నారు.

దీన్ని రెండు రకాలుగా కొనవచ్చు. అన్నీ ఒకే కంపెనీ దగ్గర మూటగా తీసుకోవడం మొదటి పద్ధతి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వెండర్‌ను ఎంచుకొని, ఆ భాగాలను కలుపుకోవడం రెండవది. రెండవదానికి మాడ్యులర్ అనీ, ఈ మధ్య కంపోజబుల్ అనీ పేరు. దీన్ని కొత్త ఆవిష్కరణగా ప్రచారం చేస్తుంటారు. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2. విడిభాగాల ఆలోచనకు మూలాలు

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సంస్థ సిస్టమ్/360 అనే కంప్యూటర్ల శ్రేణిని ప్రకటించింది. అంతకు ముందు ఒక నమూనా కోసం రాసిన ప్రోగ్రాం మరో నమూనాపై సాధారణంగా నడిచేది కాదు. యంత్రం మారిస్తే ప్రోగ్రాములు తిరగరాసుకోవలసిందే. 360 శ్రేణిలో చిన్న యంత్రానికీ పెద్ద యంత్రానికీ ఒకే నిర్మాణ సూత్రాలు పాటించారు. బయటి పరికరాలను తగిలించే అతుకును, అంటే ఇంటర్‌ఫేస్‌ను, ప్రామాణికం చేశారు.

దీనికి ఐబీఎం కోరుకోని ఫలితం ఒకటి వచ్చింది. అతుకు స్థిరంగా ఉంది కాబట్టి, ఆ అతుకుకు సరిపోయే టేపు డ్రైవులను, డిస్కు డ్రైవులను ఇతర కంపెనీలు తక్కువ ధరకు తయారుచేయసాగాయి. 360 రూపకర్తలలో ముఖ్యుడైన జీన్ ఆమ్‌డాల్ 1970లో బయటికి వచ్చి, ఐబీఎం ప్రోగ్రాములనే నడపగల కంప్యూటర్లను తయారుచేసే సంస్థను స్థాపించాడు. ఈ లోగా 1969 జూన్‌లో, అప్పటిదాకా యంత్రంతో పాటు మూటగా ఇస్తూ వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు, సేవలకు విడిగా ధర నిర్ణయిస్తామని ఐబీఎం ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ ఒక స్వతంత్ర పరిశ్రమగా ఎదగడానికి ఈ నిర్ణయం తోడ్పడింది.

ఇదే కాలంలో సిద్ధాంతపరమైన కృషి కూడా జరిగింది. 1962లో హెర్బర్ట్ సైమన్ ఇద్దరు గడియారాల తయారీదారుల కథ చెప్పాడు. ఒకడు వెయ్యి భాగాలనూ ఒకే వరుసలో బిగిస్తాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే పని అంతా చెదిరిపోతుంది. మరొకడు పదేసి భాగాలను చిన్న కూర్పులుగా చేసి, తర్వాత వాటిని కలుపుతాడు. అతనికి పని చెడినా నష్టం ఒక్క కూర్పుకే పరిమితం. 1972లో డేవిడ్ పార్నస్ మరో అడుగు ముందుకు వేశాడు. రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయాన్ని ఒక భాగం లోపలే దాచి ఉంచాలనీ, మిగతా భాగాలకు దానితో పని లేకుండా చూడాలనీ వాదించాడు. మీరు ఏ వెండర్ ప్రతిపాదన చదివినా పార్నస్ సూత్రాన్ని గుర్తుంచుకోండి. భాగాల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన వ్యవస్థ మాడ్యులర్ కాదు. ఒక భాగాన్ని మార్చినప్పుడు మిగతావి కదలకుండా ఉంటేనే అది మాడ్యులర్.

3. వెండర్ వెళ్లిపోతే: భారతదేశ అనుభవం

విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం, 1973 ప్రకారం విదేశీ కంపెనీలు భారతీయ శాఖల్లో తమ వాటాను తగ్గించుకోవలసి వచ్చింది. దానికి అంగీకరించని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. యంత్రాలు మాత్రం మన కార్యాలయాల్లోనే ఉన్నాయి. వాటి మరమ్మతు బాధ్యతను ప్రభుత్వ రంగ సంస్థ అయిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, స్వీకరించింది. హైదరాబాదువాసులకు సీఎంసీ పేరు పరిచయమే.

ఈ ఘట్టాన్ని విదేశీ పెట్టుబడుల చరిత్రలో భాగంగా మీరు ఇదివరకే చదివి ఉంటారు. కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే ఇందులో మరో విషయం కనిపిస్తుంది. సరఫరాదారు లేకపోయినా వ్యవస్థ నడవాలంటే, దాని లోపలి సంగతులు తెలిసిన మనుషులు మరొక చోట ఉండాలి.

4. వెబ్ యుగం: మూటలు కట్టడం, విప్పడం

1993 ఏప్రిల్‌లో సెర్న్ సంస్థ వెబ్ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకునే వీలు కల్పించింది. పేజీల సంఖ్య పెరిగేకొద్దీ వాటిని చేత్తో రాయడం అసాధ్యమై, కంటెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థలు పుట్టాయి. 1995లో మొదలైన విన్యెట్, ఇంటర్‌వోవెన్ ఆ రంగంలో తొలి తరం కంపెనీలు. 2001లో ద్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్ ఓపెన్ సోర్స్ మార్గంలో వచ్చాయి.

తర్వాతి దశ కలుపుకోవడం. 2009లో విన్యెట్‌ను ఓపెన్ టెక్స్ట్, ఇంటర్‌వోవెన్‌ను ఆటానమీ కొన్నాయి. ఆటానమీని 2011లో హెచ్‌పీ కొన్నది. అడోబ్ 2009లో ఆమ్నిచర్‌ను, 2010లో స్విట్జర్లాండ్‌కు చెందిన డే సాఫ్ట్‌వేర్‌ను కొనుగోలు చేసింది. ఒరాకిల్ 2011లో ఫ్యాట్‌వైర్‌ను తీసుకున్నది. ఇలా పోగుచేసిన భాగాలను పెద్ద కంపెనీలు ఒకే మూటగా అమ్మాయి. 2018లో గార్ట్‌నర్ సంస్థ డిజిటల్ ఎక్స్‌పీరియన్స్ ప్లాట్‌ఫారాల మీద ప్రత్యేక తులనాత్మక నివేదిక వెలువరించడంతో ఆ పేరు స్థిరపడింది.

మరోవైపు వ్యతిరేక ధోరణి కూడా బలపడింది. 2013లో బెర్లిన్‌లో మొదలైన కంటెంట్‌ఫుల్ వంటి సంస్థలు పేజీ రూపంతో సంబంధం లేకుండా సమాచారాన్ని మాత్రమే ఏపీఐ ద్వారా అందించే పద్ధతిని ముందుకు తెచ్చాయి. 2020లో మాక్ అలయెన్స్ ఏర్పడింది. మైక్రోసర్వీసులు, ఏపీఐ ప్రాధాన్యం, క్లౌడ్ ఆధారం, హెడ్‌లెస్ నిర్మాణం అనే నాలుగు లక్షణాల ఆంగ్ల తొలి అక్షరాలతో ఆ పేరు పెట్టారు.

చరిత్ర విద్యార్థులుగా ఇక్కడ మీరు ఆధారాల విమర్శ చేయాలి. ఆ కూటమి స్థాపకుల్లో కామర్స్‌టూల్స్, కంటెంట్‌స్టాక్ విడిభాగాలు అమ్మే సంస్థలు. ఈపామ్, వాల్‌టెక్ ఆ భాగాలను అతికించి ఇచ్చే సేవా సంస్థలు. విడిభాగాల పద్ధతి ప్రాచుర్యంలోకి వస్తే వీరికి వ్యాపారం పెరుగుతుంది. అంతమాత్రాన వారు చెప్పేది అబద్ధమని కాదు. ఒక శాసనాన్ని చదివేటప్పుడు అది ఎవరు వేయించారో చూస్తాం కదా, వెండర్ పత్రాన్ని కూడా అలాగే చదవాలి.

5. రెండు ప్రభుత్వాల అనుభవాలు

2013 అక్టోబర్ 1న అమెరికాలో ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైటు ప్రారంభమైంది. దీన్ని అనేక కాంట్రాక్టు సంస్థలు భాగాలుగా తయారుచేశాయి. భాగాలన్నింటినీ కలిపి పరీక్షించే బాధ్యత తగినంత అనుభవం లేని ప్రభుత్వ విభాగం మీదే పడింది. లక్షల మంది ప్రయత్నించిన మొదటి రోజున నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురేనని తర్వాత బయటపడిన పత్రాలు వెల్లడించాయి. నిపుణుల బృందాన్ని రప్పించి, సమన్వయ బాధ్యతను ఒక సంస్థకు అప్పగించిన తర్వాతే, నవంబరు ముగిసేనాటికి పరిస్థితి చక్కబడింది.

బ్రిటన్ అనుభవం భిన్నమైనది. అక్కడ 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగాన్ని ఏర్పాటు చేసి, ప్రభుత్వంలోనే సాంకేతిక నిపుణులను నియమించుకున్నారు. 2012 అక్టోబరులో గవ్.యూకే పాత ప్రధాన వెబ్‌సైట్ల స్థానంలోకి వచ్చింది. దాని ప్రోగ్రాం చాలావరకు బహిరంగంగా అందుబాటులో ఉంది.

రెండుచోట్లా పని భాగాలుగానే జరిగింది. తేడా ఎక్కడ వచ్చింది? భాగాలను కలిపే పనిని అర్థం చేసుకోగల మనుషులు ఒకచోట కొనుగోలుదారు దగ్గరే ఉన్నారు, మరోచోట తగినంతగా లేరు.

మన ప్రాంతానికి వస్తే, 2001లో హైదరాబాదు జంటనగరాల్లో మొదలైన ఈసేవ, 2011లో వచ్చిన మీసేవ, పౌరుడికి ఒకే కౌంటరు చూపించి, వెనుక పలు శాఖల వ్యవస్థలను కలిపాయి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు మీసేవ కూడా రెండు రాష్ట్రాల్లో వేర్వేరుగా కొనసాగింది. వ్యవస్థను కలపగలగడం ఎంత అవసరమో, విడదీయగలగడమూ అంతే అవసరమని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది.

6. తెలుగు అక్షరం నేర్పిన పాఠం

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. 2000 దశకం తొలినాళ్లలో నేను పనిచేసిన సంస్థ తన తెలుగు పాఠాలను కంప్యూటరులో పెట్టించింది. ధర తక్కువ చెప్పిన కంపెనీకి పని ఇచ్చాం. ఆ కొనుగోలు కమిటీలో నేనూ సభ్యుణ్ణే. కొన్నేళ్లకు ఆ కంపెనీతో ఒప్పందం ముగిసింది. పాఠాల ఫైళ్లు మాకు ఇచ్చారు, నిజమే. తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపించాయి. ఆ పాఠాలు యూనికోడ్‌లో లేవు. ఒక ప్రత్యేక ఫాంటుకు చెందిన సొంత సంకేతాల్లో ఉన్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. మేం ఆ ప్రశ్న అడగలేదు, అంతే. పాఠాలను మళ్లీ టైపు చేయించడానికి రెండు విద్యా సంవత్సరాలు పట్టింది. ఆ రెండేళ్ల విద్యార్థులు అరిగిపోయిన జిరాక్సు ప్రతులతోనే పరీక్షలు రాశారు. వారిలో కొందరు నాకు ఉత్తరాలు కూడా రాశారు. తప్పు కంపెనీదని చెప్పి తప్పుకోవడం నాకు సాధ్యం కాలేదు, ఎందుకంటే ఒప్పందంలో ఆ షరతు పెట్టవలసింది మేమే.

7. ఎంపికలో అడగవలసిన ప్రశ్నలు

పై చరిత్ర నుంచి నాలుగు ప్రశ్నలు తేలుతున్నాయి.

మొదటిది, నిష్క్రమణ. ఒప్పందం ముగిసిన రోజున మన సమాచారం ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో మన చేతికి వస్తుంది? మాటమీద నమ్మకుండా, ఎంపిక దశలోనే కొంత సమాచారాన్ని ఎక్కించి, తిరిగి బయటికి తీయించి చూడాలి. తెలుగు సమాచారంతోనే ఈ పరీక్ష చేయాలి.

రెండవది, అతుకులు. ఏపీఐల వివరాలు బహిరంగంగా ఉన్నాయా? అవి మారినప్పుడు ముందుగా ఎంత వ్యవధి ఇస్తారు? భారత ప్రభుత్వం 2010లో ఓపెన్ ప్రమాణాల విధానాన్ని, 2015లో ఓపెన్ సోర్స్, ఓపెన్ ఏపీఐ విధానాలను ప్రకటించింది. ప్రభుత్వ సంస్థలు టెండరు రాసేటప్పుడు వీటిని ఆధారం చేసుకోవచ్చు.

మూడవది, బాధ్యత. ఐదుగురు వెండర్లు ఉన్నప్పుడు ఫీజు చెల్లింపు ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలి? ప్రతి ఒక్కరూ తమ భాగం బాగానే ఉందంటే, విద్యార్థికి జవాబు ఎవరు చెబుతారు? దీన్ని ఒప్పందంలో పేరుతో సహా రాయాలి.

నాలుగవది, మన సామర్థ్యం. భాగాలను కలిపి నడపగల సిబ్బంది మన దగ్గర ఉన్నారా? లేకపోతే, మొత్తం ఒకే కంపెనీ వద్ద తీసుకోవడమే చిన్న సంస్థకు మేలు కావచ్చు. విడిభాగాల పద్ధతి అందరికీ సరిపడదు.

ధర గురించి కూడా ఒక మాట. మన ప్రభుత్వ కొనుగోళ్లలో అతి తక్కువ ధర చెప్పిన ఎల్-1కే పని ఇవ్వడం వాడుక. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, నిర్దిష్ట సందర్భాల్లో, కన్సల్టెన్సీ కాని సేవలకు సైతం నాణ్యతకు 30 శాతానికి మించకుండా మార్కులు ఇవ్వడానికి వీలు కల్పించాయి. ఆ వీలును వాడుకోవాలంటే నాణ్యత అంటే ఏమిటో టెండరులోనే స్పష్టంగా రాయగలగాలి. పై నాలుగు ప్రశ్నలు అందుకు ఉపయోగపడతాయి.

8. సారాంశం

మూటగా కొనడం, విడిగా కొనడం అనే రెండు పద్ధతులు 1960ల నుంచి ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వస్తూనే ఉన్నాయి. మూటగా కొన్నవారు ఒక కంపెనీ మీద ఆధారపడతారు. విడిగా కొన్నవారు అతుకుల మీద, వాటిని చూసుకునే మనుషుల మీద ఆధారపడతారు. ఎంచుకున్న వెండర్‌ను రేపు మరో కంపెనీ కొనవచ్చు, అతడు దేశం విడిచి వెళ్లనూ వచ్చు. కాబట్టి ఎంపిక సమయంలోనే విడిపోయే దారిని చూసుకోవాలి. మీలో చాలామంది ఏదో ఒక కార్యాలయంలో పనిచేస్తూనే చదువుతున్నారు. ఏదో ఒక రోజు ఇలాంటి కమిటీలో మీరూ కూర్చుంటారు. ఆ రోజున మేం అడగని ప్రశ్నను మీరు అడగండి.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సిస్టమ్/360లో అతుకును ప్రామాణికం చేయడం వల్ల ఐబీఎంకు ఎదురైన పోటీని వివరించండి.
2. హెల్త్‌కేర్.గవ్, గవ్.యూకే అనుభవాలను పోల్చండి.
3. మీరు పనిచేసే లేదా మీకు తెలిసిన ఒక సంస్థ వెబ్‌సైటును తీసుకొని, నిష్క్రమణకు సంబంధించి మూడు టెండరు షరతులు రాయండి.