మానసిక వైద్యుడు – రోగి: భయము, భద్రత

1886 జూన్ 13వ తేదీ సాయంకాలము బవేరియాలోని స్టార్న్‌బర్గ్ సరస్సు ఒడ్డున ఇద్దరు షికారుకు బయలుదేరిరి. ఒకరు, మతి చలించినదని వైద్యులు నిర్ణయించగా సింహాసనము కోల్పోయిన రాజు రెండవ లుడ్విగ్. రెండవవారు ఆయన వైద్యుడు, మెదడు నిర్మాణమును పరిశోధించిన శాస్త్రజ్ఞుడు గూడెన్. పరిచారకులను వెంట రావద్దని వైద్యుడే పంపివేసెను. ఆ రాత్రి ఇద్దరి శవములును నీటిలో దొరికినవి. గూడెన్ ముఖముపై దెబ్బల గుర్తులున్నవి. అసలు జరిగినదేమో నేటికిని వివాదముగనే ఉన్నది.

రోగులను బంధింపరాదని నమ్మినవారిలో గూడెన్ ఒకరు. 1839లో ఇంగ్లండులోని హాన్‌వెల్ వైద్యశాలలో జాన్ కానలీ కట్లు విప్పించి ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. అయితే రోగిని కట్టివేయకుండ వైద్యుడు దెబ్బ తినకుండుట ఎట్లు?

కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున, 1871లో, వాల్తేరులో పిచ్చాసుపత్రి వెలసినది. ఆనాటి సమాధానము ఎత్తయిన గోడ. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ మందును వాడి చూచిన పిమ్మట స్థితి మారినది. ఉద్రేకము శమించిన రోగితో మాటలాడుట సాధ్యమైనది. క్రమముగ ఈ చికిత్స గోడలు దాటి, విజయవాడ వంటి నగరములలోని సాధారణ ఆసుపత్రులకును వచ్చినది.

మానసిక రోగులలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు. మరి కొందరు వైద్యునిపై చేయి చేసుకొనుటకు కారణమేమి? డెల్టా పల్లెలోని ఒక రైతును ఊహింపుడు. ఏండ్ల తరబడి సారాకు అలవాటుపడినవాడు; కాలు విరిగి ఆసుపత్రిలో చేరగా తాగుడు ఒక్కసారిగ ఆగినది. రెండు మూడు దినములకు వణకు, నిద్రలేమి, భ్రాంతి కలుగును. సూది చేత బట్టిన వైద్యుడు అతని కంటికి హంతకుడు. మనకు దాడిగ కనిపించునది అతనికి ఆత్మరక్షణ.

వైద్యులపై దాడి చేసినవారికి మూడేండ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించు చట్టము 2008లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినది. కోపోద్రిక్తులైన బంధువులను అది వారింపవచ్చును. భ్రాంతిలో ఉన్నవానికి చట్టము తెలియదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము రోగికి గొలుసు వేయుటను నిషేధించినది. తక్షణ ప్రమాదమును తప్పించుటకు వేరు దారి లేనపుడే, కొద్దికాలము మాత్రము, అదుపు చేయవచ్చునన్నది.

కావున రక్షణ ముందుచూపులోనే ఉన్నది. రోగిని ఒంటరిగ చూడరాదు. తలుపునకు దారి విడిచి కూర్చుండవలెను. గొంతు తగ్గించి మాటలాడవలెను. రోగి పూర్వము ఎవరినైన కొట్టియుండిన, ఇంటివారు సిగ్గుపడి దాచక చెప్పవలెను. ఆ ఒక్క మాట వైద్యుని కాపాడును. రోగిని కట్టివేయవలసిన అవసరమును కూడ తప్పించును. గూడెన్ నమ్మిన దయ తప్పు కాదు. దానికి తోడు మనిషి కావలెను.