ఒక మేటరు, రెండు ఫాంట్లు

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లోని డీటీపీ షాపుల్లో తయారైన తెలుగు, తెర మీద తెలుగే అయినా ఫైల్లో తెలుగు కాదు. అను ఫాంట్లలో కొట్టిన మేటరును శ్రీలిపి మాత్రమే ఉన్న కంప్యూటర్లో తెరిస్తే కనిపించేవి అర్థంలేని గుర్తులే. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్లను, గుడులను, వత్తులను ఒక్కో కంపెనీ తనకు నచ్చిన వరసలో సర్దుకుంది. ఫైలు దాచుకునేది ఆ స్థానం నంబరునే. అక్కడ ఏ ముక్క ఉందో ఫాంటుకే తెలుసు. ప్రమాణం ఉన్నా డీటీపీవాళ్లు బద్ధకించారని ఇప్పటికీ నిందించేవాళ్లున్నారు. తేదీలు చూస్తే ఆ నింద నిలవదు.

ప్రతి అక్షరానికీ అందరికీ ఒకటే నంబరు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. తెలుగుకు 128 స్థానాలు కేటాయించిన దాని తొలి కూర్పు 1991లోనే వచ్చింది. మామూలు కంప్యూటర్‌కు అది చేరింది మాత్రం 2001లో, విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో. అదే ఏడాది వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ సాఫ్ట్‌వేర్‌కు ఆఖరి కూర్పు. యూనికోడ్ తెలుగును కూర్చడం దానికి రాదు. పేజీ కట్టే పనిముట్టుకు రాని ప్రమాణాన్ని ఆపరేటరు ఎలా పాటిస్తాడు? ప్రమాణం ఉండీ బద్ధకించడమంటే ఏమిటో యూనిక్స్ కంప్యూటర్లకు ఆదేశాలు వరసగా రాసిపెట్టే షెల్ స్క్రిప్టుల కథలో చూడొచ్చు. షెల్‌కు పోసిక్స్ ప్రమాణం 1992లో కుదిరింది. అయినా చాలామంది మొదటి వరసలో ‘ఎస్‌హెచ్’ అని రాసి, లోపల బ్యాష్ అనే ఒక్క షెల్‌కే తెలిసిన సౌకర్యాలు వాడారు. 2006లో ఉబుంటు 6.10 ఆ పేరు వెనక బ్యాష్‌ను తీసి డ్యాష్ అనే మరో షెల్‌ను పెట్టగానే అలాంటి స్క్రిప్టులు బోర్లాపడ్డాయి. ప్రమాణాన్ని పాటించే వీలు వాళ్లకు ముందునుంచీ ఉంది. రెండో షెల్‌లో ఒకసారి నడిపి చూస్తే లోపం బయటపడేది. డీటీపీ ఆపరేటరుకు ఆ వీలే లేదు.

అచ్చయిన పేజీ చక్కగా ఉంటే చాలదా అని అడగొచ్చు. పెళ్లిపత్రికకు చాలు. ఏటా సవరించి మళ్లీ వేసే పోటీపరీక్షల పుస్తకానికి చాలదు: షాపు మారితే మేటరు మళ్లీ కొట్టాలి, లేదా కన్వర్టరులో వేసి ప్రూఫులు మొదటినుంచీ దిద్దాలి. కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటే, ప్రతి ఫాంటుకూ వేరే పట్టిక రాయాలి, కొత్త ఫాంటు వస్తే ఇంకొకటి. 2012లో పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 భారతీయ లిపుల కూర్పును చేపట్టాకే యూనికోడ్ మేటరు నేరుగా పేజీలోకి వెళ్లే దారి తెరుచుకుంది. అప్పటికి ప్రమాణం వయసు 21 ఏళ్లు. ఆ ఆలస్యం లెక్క అడగాల్సింది పనిముట్లు అమ్మినవాళ్లను.