లెక్కలు పైకి చదివిన ఊళ్ళు

తెలుగులో లంచం గురించి చదివితే ముందు ఏసీబీ, లోకాయుక్త అనే పేర్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. మంత్రుల మీద, అధికారుల మీద ఫిర్యాదులు వినడం లోకాయుక్త పని. కానీ ఫిర్యాదు చెయ్యాలంటే ముందు తప్పు జరిగిందని తెలియాలి. కూలి పని చేసేవాళ్ళకి ప్రభుత్వం లెక్కలు ఎవరు చూపిస్తారు?

2005లో ఢిల్లీలో రెండు చట్టాలు చేశారు. ఒకటి సమాచార హక్కు చట్టం. రెండోది ఉపాధి హామీ చట్టం. పల్లెటూళ్ళో పని అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు.

డబ్బు వచ్చిన చోటికి దొంగలెక్కలు కూడా వస్తాయి. కూలీల హాజరు రాసే కాగితం పేరు మస్టర్. అందులో పనికి రానివాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు కూడా రాసి డబ్బు తినెయ్యొచ్చు. చెరువులో తవ్వని మట్టిని తవ్వినట్టు రాయొచ్చు.

అందుకని ఉపాధి హామీ చట్టంలోనే సామాజిక తనిఖీ పెట్టారు. ఈ పద్ధతి 1990ల్లో రాజస్థాన్‌లో పుట్టింది. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం ఊరి లెక్కలు జనం ముందు పైకి చదివించేది. అది ఉద్యమం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ప్రభుత్వమే ఆ పని మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా ఒక సంస్థ పెట్టింది.

పని ఇలా జరుగుతుంది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకి శిక్షణ ఇస్తారు. వాళ్ళు మస్టర్ పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. "ఈ పని మీరు చేశారా? ఎంత ముట్టింది?" అని అడుగుతారు. తవ్విన చోటుకి వెళ్ళి టేపుతో కొలుస్తారు. తరువాత గ్రామసభలో అన్నీ చదువుతారు. చివరికి మండలంలో ప్రజావేదిక. అక్కడ అధికారులు, నాయకులు, కూలీలు అందరూ ఉంటారు. చదువు రాని అవ్వ కూడా తన పేరు విని "ఆ డబ్బు నాకు రాలేదు" అని అందరి ముందు చెప్పగలదు.

కానీ తప్పు పట్టుకోవడం ఒకటి, డబ్బు వెనక్కి రావడం ఇంకొకటి. తనిఖీ చేసేవాళ్ళకి శిక్ష వేసే అధికారం లేదు. వసూలు చెయ్యడం, ఉద్యోగం నుంచి తీసెయ్యడం, కేసు పెట్టడం మళ్ళీ అధికారుల చేతిలోనే ఉన్నాయి. బయటపడిన డబ్బులో ఎక్కువ భాగం వసూలు కాలేదు. అయినా, ఒకసారి ఊరంతా విన్న లెక్కని మళ్ళీ బీరువాలో దాచడం కష్టం.

ఈ వారం మాటలు
తనిఖీ: సరిగ్గా ఉందా అని చూడడం. ఉర్దూ నుంచి వచ్చింది.
హాజరు: వచ్చి ఉండడం. ఇదీ ఉర్దూ మాటే.
ముట్టింది: చేతికి అందింది. డబ్బు గురించి ఇలా అంటారు.